హీటర్లోంచి సల్లగాలి

"గాలి ఏడిగా వస్తన్నాదేటే, సల్లగా వస్తన్నాదేటే?"

"సల్లగానే వస్తన్నాది మావా."

మా ఆయనికీ నాకూ ఆకరి మాటలివే. దార్లో కారాపీసి అన్నని సంపుకున్నాడని ఊరంతా మా మరిదిని అంతన్నారు. అది అబద్దం. నాకు రాత రాదు. మరిది పెళ్లాం కలం అట్టుకోని కూకున్నాది. రాయి సెల్లీ, నీ మొగుడి కోసవే సెప్తన్నాను.

ఆవేళ ముసురు. పొద్దున్నించీ ఆయనికి గుండెల్లో నొప్పి. పాత కారు, కొని రెండు నెల్లు కాలేదు. అందులోనే సికాకోళం ఆసుపత్రికి బయిల్దేరినాం. మరిది తోలతన్నాడు. పక్కన ఆయన. ఎనకసీట్లోంచి ఆయన బుజం అట్టుకోని నేను.

పొందూరు దాటినామో లేదో, "అన్నా, ఇంజిను ఏడి ముల్లు ఎర్రగీత మీదికెల్లిపోనాది!" అన్నాడు మరిది.

"హీటరు ఇప్పు."

"హీటరెందుకన్నా, నొప్పితో మతి పోనాదేటి?"

"ఇప్పరా ఎదవా, నీకు తోలడం నేర్పినోణ్ణి."

అరకు ఘాటు మీద ముప్పైయేళ్లు లారీ తోలినోడు మా ఆయన. ఇంజిను కాగిపోతే హీటరు ఇప్పాల, ఆ ఏడి మనమీదికి లాగీస్తాది, ఇంజిను తెరిపిన పడతాది అనీవోడు. ఏడి రాకుండా సల్లగాలొస్తే నీళ్లయిపోనట్టే, ఇంక తోలకూడదు అనీవోడు. మరిది ఇప్పినాడు. ఆయన సేతులు అప్పటికే మొద్దుబారిపోనాయి. అందికే గాలెలగున్నాదని నన్నడిగినాడు. సీట్ల మద్దిలోంచి సెయ్యి పెట్టి సూసి సెప్పినాను.

"ఆపీరా," అన్నాడు తమ్ముడితో. "ఇంజిను పట్టీసిందంటే మరి కదల్దు."

ఆపీసినాడు. ఇంజిను నీళ్ల మూత తియ్యబోతే ఒద్దని ఆయనే సెయ్యూపినాడు, కాగిన నీళ్లు మొకాన సిమ్ముతాయని. సల్లారాలి కదా, అక్కడే ఆగినాం. పొగ లేదు. కాలిన వాసనా లేదు. ఇంజిను కాగనే లేదేటోనని నాకు అనుమానమొచ్చింది. లారీ తోలినోడికి నేనేటి సెప్తానని నోరు మూసుకున్నాను. మరిది రోడ్డు మద్దిని తడిసిపోతా ఆటోలకి సెయ్యెత్తినాడు. ఒక్కటీ ఆగలేదు. ఆకరికొకటి ఆగినాది, అప్పటికే నా సేతికింద బుజం బరువెక్కిపోనాది.

మూడోనాడు మెకానిక్కొచ్చి సూసినాడు. "నీళ్లు నిండుగున్నాయమ్మా. ముల్లుకెల్లే తీగ తొక్కూడి ఇంజినుకి తగుల్తన్నాది, ఉత్తినే లెగిసింది. హీటరు గొట్టాలా? ముందటోడు ఎప్పుడో పీకీసి మూసీసినాడు. మనకాడ ఎవడు వాడతాడు? ఎప్పుడిప్పినా సల్లగాలే."

ఆపకపోతే బతికీవోడేటో. డాక్టర్ని నేనడగలేదు. అడిగితే మరిది ముందరే సెప్పీస్తాడని బయమేసింది.

ఆపమన్నది మా ఆయన. సల్లగా వస్తన్నాదన్నది నేను. రాసినావా రెండూ? ఆనాటినుంచీ నీ మొగుడు ఆ గదిలోంచి బయటికి రాట్లేదు, నా మొకం సూడట్లేదు. రేపు సుట్టాలొస్తే ఈ కాయితవే ఆళ్లకిచ్చీ.

ఏదీ, మొదట్నించీ సదువు. గట్టిగా సదవే, తలుపవతల ఆడికి ఇనపడాల.