బుదైయా తోటలో ఇంగ్లండు నడక

పిలవని పేరంటానికి ఒక్కర్తే వెళితే సిగ్గు అంటారు. సంఘం మొత్తాన్ని వెంటబెట్టుకుని, పాస్టరయ్యగారిని కూడా నడిపించుకుంటూ వెళితే ఏమనాలో మన పెద్దలు చెప్పలేదు. నేను వెళ్ళాను. ఆ రోజు మమ్మల్ని పోలీసు వ్యానెక్కించి ఉంటే తప్పు పోలీసులది కాదు. వారం రోజుల ఇంగ్లండును నెత్తికెక్కించుకున్న నాది.

ఆ ఏడు వసంతంలో, ఇంగ్లండులో నర్సుగా చేసే మా ఆడపడుచు పల్లెటూళ్ళో ఒక కాటేజీ అద్దెకు తీసుకుని, బహ్రెయిన్‌లో ఉన్న మమ్మల్ని పిలిచింది. రాతి గోడలు, పొట్టి గుమ్మం, కిటికీ అవతల గొర్రెలు. మా ఆయన ప్రకాశ్ రోజూ ఆ గుమ్మానికి తల కొట్టుకున్నారు. నాకు ఆ ఇల్లే తలకెక్కింది. ఒకరోజు కాటేజీ యజమానురాలు, చేతికర్ర పట్టుకున్న పెద్దావిడ, అడవిలో విరగబూసిన నీలిపూలు చూపిస్తానని మమ్మల్ని బయల్దేరదీసింది. దారి తిన్నగా ఎవరిదో పొలంలోంచి పోయింది.

"పొలం ఆసామి ఏమీ అనడా?" అని అడిగాను.

"ఎందుకంటాడు? ఇది నడిచేవాళ్ళ దారి. గేటు తియ్యి, దాటు, మళ్ళీ వెయ్యి. అంతే మర్యాద," అందావిడ.

ఆ మూడు ముక్కలూ నాకు సండేస్కూలు కంఠత వాక్యాలైపోయాయి. బహ్రెయిన్ తిరిగొచ్చాక, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం జరిగే మా ఆరాధన అయిపోగానే నా ప్రసంగం మొదలయ్యేది. గొర్రెలు, పూలు, గేట్లు. చివరికి మా సంఘంలో పెద్దదిక్కు రాజమ్మ పిన్ని విసిగిపోయింది.

"ఎంతసేపని వింటామే అమ్మాయ్? మాక్కూడా ఏదైనా చూపించు, లేదా ఊరుకో."

ఊరుకునే రకమైతే ఈ కథే లేదు. చలికాలం రాగానే, బహ్రెయిన్‌లో తోటలున్న ఊరు బుదైయాలో ప్రకృతి నడక అని ప్రకటించాను. శుక్రవారం ఆరాధన కాగానే అందరం బయల్దేరాం. ఖర్జూరపు తోటల పక్కన కాసేపు నడిచాక గోడ మధ్య ఒక పచ్చ గేటు కనిపించింది. గడియ తీసే ఉంది.

"ఇది ఎవరిదో సొంత తోటలా ఉంది సుశీలా," అన్నారు ప్రకాశ్.

"పొలమన్నాక ఎవరిదో ఒకరిది అవుతుంది కదండీ. తియ్యండి, దాటండి, వెయ్యండి."

"ఇది ఇంగ్లండు కాదు."

"పల్లెటూరు ఎక్కడైనా పల్లెటూరే."

గుడ్డెద్దు చేలో పడ్డట్టంటారు. మాకు కళ్ళున్నాయి, పైగా వరుసలో పడ్డాం. ఆఖరున వచ్చిన ప్రకాశ్ నా మర్యాద ప్రకారం గేటు వేశారు. టక్కుమని శబ్దమైంది. ఎంత గుంజినా మళ్ళీ తెరుచుకోలేదు.

"మర్యాద కాస్త గట్టిగానే పడింది," అంది రాజమ్మ పిన్ని.

ఇక ముందుకు పోవడమే. ముల్లంగి మళ్ళు దాటాం. చెట్ల మీది చిలకలను నేనే పెంచినంత గర్వంగా చూపించాను. మలుపు తిరిగేసరికి ఎదురుగా పెద్ద గుడారం, తివాచీలు, పొగలు కక్కుతున్న డేగిసాలు. తెల్లటి అంగీ తొడుక్కున్న ఒక ముసలాయన మా వైపే గబగబా వస్తున్నాడు. నాకు ఆయన కనబడలేదు. మా వీసాలకు పూచీ పడ్డ కఫీలు, రద్దయిన వీసా, వన్‌వే టికెట్ వరుసగా కనబడ్డాయి.

"యల్లా, యల్లా! ఇప్పుడా రావడం?" అన్నాడాయన హిందీలో. "మనవరాలి పెళ్ళి. చుట్టాలు మసీదు నుంచి బయల్దేరారు. సామాన్ అంతా సిద్ధంగా ఉంది, వడ్డించే మనుషులే లేరు."

మమ్మల్ని వడ్డనవాళ్ళనుకున్నాడు. అయ్యగారు నా చెవిలో, "సుశీలమ్మా, నిజం చెప్పెయ్యాలి," అన్నారు.

"చెబుదాం అయ్యగారూ," అంది రాజమ్మ పిన్ని, అప్పటికే కొంగు నడుముకు బిగించి. "నిజం చల్లారదు. అన్నం చల్లారుతుంది."

ఏటేటా క్రిస్మస్ ప్రేమవిందులో బంతుల మీద బంతులు లేపిన సంఘం మాది. మగవాళ్ళు గుడారంలోకి, ఆడవాళ్ళం వెనకున్న ఇంట్లోకి. పళ్ళేల నిండా మచ్‌బూస్, అంటే మన బిర్యానీకి దగ్గరి చుట్టం. ఎక్కడ మాంసం తగ్గినా ప్రకాశ్ అక్కడ ప్రత్యక్షం. అయ్యగారు గ్లాసు గ్లాసుకీ దీవెన ఇస్తున్నట్టు మజ్జిగ పోశారు. పిన్ని పెళ్ళికూతురికి కొసరి కొసరి తినిపించింది. పెళ్ళివారు తృప్తిగా లేస్తున్న సమయానికి బయట హారన్ మోగింది. అసలు వడ్డనవాళ్ళ వ్యాను. దారిలో చెడిపోయిందట.

ముసలాయన వాళ్ళను చూశాడు. మమ్మల్ని చూశాడు. నన్ను బయటికి పిలిపించాడు.

"మరి మీరెవరు?"

"నడుస్తున్నాం బాబా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ఊరికే." ఇక తప్పక కాటేజీ, నీలిపూలు, పెద్దావిడ, అన్నీ చెప్పాను. ఆయన కొడుకులు నవ్వు రాకుండా పెదాలు బిగబట్టుకున్నారు. ఆయన మాత్రం జడ్జిలా విన్నాడు.

"నా గేటు తీశారా?"

"తీశాం."

"మళ్ళీ వేశారా?"

వెనక నుంచి ప్రకాశ్, "వేశాం. చాలా గట్టిగా," అన్నారు.

ముసలాయన భుజాలు కదిలాయి. తర్వాత గడ్డం కదిలింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక తివాచీ మీద కూలబడిపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచి, "ఖలాస్. ఇక మీరు కూర్చోండి," అని మమ్మల్ని అల్లుళ్ళలా వరుసగా కూర్చోబెట్టాడు. కొడుకులే స్వయంగా వడ్డించారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించింది మనమే అయితే కడబంతే అసలు బంతి.

తింటుండగా ఆయన నా దగ్గరికొచ్చి అడిగాడు, "ఇంగ్లండులో ఆ పొలం ఆసామి మీకేం పెట్టాడు?"

"దూరం నుంచి చెయ్యి ఊపాడు."

"అంతేనా?"

"అంతే."

ఆయన జాలిగా తల పంకించి నా పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు.

ఆ ముక్క సాక్షిగా ప్రమాణం చేశాను. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళుందో ముందుగా కనుక్కోకుండా, ఈ జన్మలో ఇక ప్రకృతి నడకకు అడుగు బయట పెట్టను.