నాలుగో డబ్బా

మా చిన్నప్పుడు... నేనూ మా చెల్లి పైడీ కలిసి నాలుగు డాల్డా డబ్బాల్లో ప్రపంచాన్నంతా నింపేద్దామని బయల్దేరాం.

డెబ్భైల్లో మాట. నాన్న రైల్వేలో సిగ్నళ్లు చూసేవారు. నందపూర్ అవతల కొండల్లో చిన్న స్టేషను, పది క్వార్టర్లు, ఒక బడి... అంతే మా లోకం. నాకు పదకొండేళ్లు, పైడికి ఏడు.

బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని మాస్టారు ఒక పని పెట్టారు. భూగోళంలో చదివిన మంచు నేల, ఎడారి, గడ్డి మైదానం, ఎండ చొరని అడవి... నాలుగూ డబ్బాల్లో చేసి తేవాలి. తగిన మట్టీ మొక్కా, దొరికితే ఒక పురుగో పుట్రో ఉండాలట. నాదే అందరికంటే బాగుండాలని నా పంతం. అసలే క్లాసు లీడర్ని, వదులుతానా...

నాన్న నవ్వేశారు. "పెపంచకమంతా తిరగక్కర్నేదమ్మీ. మన కొండెక్కి దిగితే అన్నీ ఉన్నాయి" అన్నారు.

నిజమే. పుష్యమాసంలో తెల్లారేసరికి మా కొండ మీది గడ్డి ఉప్పు చల్లినట్టు తెల్లగా గడ్డకట్టేసేది. అది మంచు నేల. డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేసరికి నీళ్లే మిగిలాయి, అది వేరే సంగతి. గెడ్డలో, అంటే మా కొండవాగులో ఇసుక, కంచెలోంచి బొమ్మజెముడు ముక్క... ఎడారి. బోడికొండ మీంచి చీపురుగడ్డి, అందులో ఒక మిడత... గడ్డి మైదానం.

మిగిలింది నాలుగో డబ్బా.

ఎండ చొరని అడవి మాకు తెలిసినంతలో ఒక్కటే. స్టేషను కింద వాలులో, కొండవాళ్ల అమ్మవారి తోపు. పోడు సేద్యం కోసం చుట్టూ కొండలు బోడి అయిపోయినా, ఆ తోపులో ఎండుపుల్ల కూడా ఎవరూ ఏరేవారు కాదు.

మా ఇంటికి కట్టెలు తెచ్చే సోంబారిది ఆ తోపు పక్క ఊరే. సోమవారం పుట్టిందని ఆ పేరు. అమ్మ ఇచ్చిన టీ తాగుతూ మాకు చెప్పేది... "తోపులోకి ఎల్లకండమ్మీ. మంచులో ఎవులైనా ఒక్కపాలి పిలిస్తే పలక్కండి. మడిసైతే మూడుపాల్లు పిలుస్తాడు. ఒక్కపాలి పిలిసేది మడిసి కాదు."

నేను విని నవ్వేదాన్ని. పైడి నవ్వేది కాదు.

ఆ ఆదివారం పొద్దున్న ఇద్దరం తోపులోకి దిగాం. నా చేతిలో డబ్బా నాకే సరిగ్గా కనబడనంత మంచు. పెద్ద పెద్ద గుగ్గిలం చెట్లు, వాటిని పెనవేసుకున్న అడ్డతీగలు, కింద మెత్తగా కుళ్లిన ఆకు... అడుగు వేస్తే చప్పుడు లేదు. పిట్ట లేదు, కీచురాయి లేదు. వెనక్కి తిరిగి చూస్తే వచ్చిన దారి కూడా లేదు. నాకు లోపల గుబులుగానే ఉంది, కానీ చిన్నదాని ముందు బయటపడితే పరువేంగాను!

పైడిని ఒక చెట్టు మొదట్లో కూర్చోబెట్టి, "కదిలేవంటే సంపెస్తాను" అని బెదిరించి, కొంచెం అవతలకి వెళ్లి తవ్వాను. నల్లటి మట్టి... అంత చలిలోనూ వెచ్చగా ఉంది. డబ్బా నింపుకుని లేచాను. ఏ చెట్టు కింద కూర్చోబెట్టానో తెలీలేదు.

"పైడీ..." అని పిలిచాను. ఒక్కసారే.

కాసేపు ఏమీ లేదు. తర్వాత కింద వాలులోంచి "అప్పా..." అని వినబడింది. మావైపు అక్కని అప్ప అంటాం. పైడి గొంతే.

కదలొద్దంటే అంత దూరం పోయిందేంటని తిట్టుకుంటూ కిందికి దిగాను. మళ్లీ "అప్పా..." ఇంకొంచెం కింద నుంచి. ఇంకొంచెం దిగాను.

వెనకనుంచి ఎవరో నా జడ పట్టుకుని లాగారు. సోంబారి. మేం తోపులోకి దిగడం పై దారినుంచి చూసి, కట్టెలమోపు అక్కడే పడేసి వచ్చిందట. ఒక రాయి తీసి నా ముందుకి విసిరింది. ఎంతసేపటికో కింద నీళ్లలో పడ్డ చప్పుడు వినబడింది. ఇంకో రెండడుగులు వేసుంటే నేనూ గెడ్డలోనే...

సోంబారి వెనక్కి తిరిగి "పైడీ... పైడీ... పైడీ..." అని మూడుసార్లు పిలిచింది. "ఓయ్" అని ఏడుపు గొంతుతో పలికింది పైడి. కిందనుంచి కాదు, పైనుంచి. నేను కూర్చోబెట్టిన చెట్టు దగ్గరే ఉంది.

"మరి కిందకెందుకెల్లేవే?" అని కసిరాను.

"నానెక్కడికీ ఎల్నేదప్పా. నువ్వు ఒక్కపాలే పిలిసేవు... అందుకే పలకనేదు."

సోంబారి నా చేతిలో డబ్బా లాక్కుని, మట్టిని తవ్విన చోటే పోసి, అరచేత్తో అదిమింది. మా ఇద్దర్నీ ఇంటిదాకా దిగబెట్టింది.

బడికి మూడు డబ్బాలే పట్టుకెళ్లాను. దూదితో మంచు చేసినవాడికి బహుమతి వచ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

పోయినేడు పుష్యమాసంలో ఇద్దరం అక్కడికి వెళ్లాం. పైడికి అరవై దగ్గరపడ్డాయి. ఇప్పటికీ ఇంట్లో ఒక్కసారి పిలిస్తే పలకదు, వాళ్లాయన విసుక్కుంటూనే ఉంటాడు.

తోపు లేదు. ఆ వాలంతా వరసగా నీలగిరి చెట్లు. ఎండ నేలదాకా పడుతోంది. పొద్దున్న ఎనిమిదికే మంచు లేదు... గెడ్డలో నీళ్ల చప్పుడూ లేదు.

ఏం తోచిందో, కిందికి చూస్తూ "పైడీ..." అని పిలిచాను. ఒక్కసారే. పక్కనే ఉన్న పైడి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ పలకలేదు. ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం.

ఏదీ పలకలేదు.

ఆరోజు ఆ గొంతు నా ప్రాణం తీసేదే. ఇన్నేళ్లూ తలుచుకుంటే ఒళ్లు జలదరించేది. అక్కడ నిలబడ్డప్పుడు మాత్రం, ఒక్కసారి "అప్పా" అంటే బాగుణ్ణని ఏడుపొచ్చింది...

మీవైపూ ఎండుపుల్ల ఏరకూడని చోటు ఒకటి ఉండే ఉంటుంది. అది ఇంకా ఉందా? పిలిస్తే ఏదైనా పలుకుతోందా? చెప్పరూ...