అన్నానికి పిలవమన్నాను

పంతొమ్మిదివందల యాభైలలో మద్రాసులో భాషాశాస్త్రం చదువుతూ, తిరువొత్తియూరు జాలర్ల తెలుగు మాటలు సేకరించేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఒక అవ్వతో, "మీ అబ్బాయిని అన్నానికి ఎట్లా పిలుస్తారో పిలిచి చూపించండి" అన్నాను.

 అవ్వ సముద్రం వైపు తిరిగి గొంతెత్తింది.

"ఒరే ముత్యాలూ, కూడు ఆరిపోతా ఉండాది, రారా!"

నేను గబగబా రాసుకుంటున్నాను. గుడిసెలోంచి కోడలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

"వచ్చినాడా అత్తా? యాడ?"

"లేదు మే. ఈ అయ్య పిలవమంటే పిలిచినా."

చేపల వేటకు వెళ్లిన ముత్యాలు పడవ ఆరు నెలలుగా తిరిగి రాలేదట. కోడలు ఇసుకలో కూలబడిపోయింది.

ఇప్పుడు నేను భాషాశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. అవ్వ పిలిచిన ఆ వాక్యాన్ని మాత్రం పైకి చదవను. చదివితే ఆ కోడలు మళ్లీ పరిగెత్తుకొస్తుందని భయం.