మా సంఘపోళ్ల హత్యలు

నిన్న నూలు చీరకు గంజి పెడుతుంటే, గిన్నెలోంచి లేచిన ఆ వెచ్చటి పుల్లటి వాసనకు నా చేయి ఆగిపోయింది. నా ముక్కుకు అది బట్టల వాసన కాదు, పుస్తకాల వాసన. సిరిసిల్లలో మా ఇంట్లో పడుగుకు పట్టించగా మిగిలిన గంజితోనే మా రాజేశం కాక తన నవలలకు అట్టలు అంటించేవాడు.

కాక మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. పగలంతా మగ్గం మీద కూర్చుని చీర నేసేవాడు, లోపల్లోపల నవల అల్లేవాడు. మా వీధిలో అప్పటికే సగం ఇళ్లలో సాంచాలు, అవే మరమగ్గాలు, వచ్చి కరెంటు ఉన్నంతసేపూ దడదడలాడుతుండేవి కానీ, మా ఇంట్లో ఇంకా చేతిమగ్గమే. వానాకాలం ముసురు పట్టిందంటే పడుగు ఆరేది కాదు, పని సాగేది కాదు. అప్పుడు పక్కిళ్ల వాళ్లంతా గోనెసంచులు నెత్తిన కప్పుకుని మా అర్రలో చేరితే, బాపమ్మ పొయ్యి మీద మక్కకంకులు కాలుస్తుంటే, ఆడవాళ్లు కండెలు చుడుతుంటే, మేము పిల్లలం గచ్చకాయలాట మధ్యలో ఆపి నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, కాక తన నోట్‌బుక్కు తెరిచి గొంతు సవరించుకునేవాడు. బతుకమ్మ రోజుల్లో నువ్వుల సత్తుపిండి ముద్ద చేతిలో కరిగిపోతున్నా నోట్లో పెట్టుకోవడం మరిచిపోయేవాళ్లం. శవం ఎవరిదో తేలేదాకా ఎవరికీ ఆకలి ఉండేది కాదు.

అపరాధ పరిశోధన నవల అని మా వీధిలో ఎవరూ అనలేదు. అంత పొడుగు పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? మాకది ‘హత్య’. కాక వీధిలోకి వస్తే చాలు, “ఏం రాజేశం, కొత్త హత్య ఎంతదాంక అచ్చింది?” అని అరుగుల మీదనుంచి అడిగేవారు. “సగమైంది. దసరా లోపట అయిపోతది” అని కాక హుందాగా చెప్పేవాడు.

రాసేది కాక ఒక్కడే కాదు. కోరుట్లలో సత్తయ్య సారు బడిలో పాఠం చెప్పి వచ్చి, భార్య బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని రాసేవాడు. జగిత్యాలలో మల్లేశం ధర్మపురి బస్సుకు కండక్టరు, టికెట్ల మధ్య సందు దొరికితే రాసేవాడు. ముగ్గురూ మా కులసంఘం వాళ్లే. ఒక్క కాపీ చేతిరాత పుస్తకాలు, మగ్గం దారంతో కుట్టినవి, ఊరినుంచి ఊరికి బస్సుల్లో తిరిగి చివరికి సిరిసిల్ల సంఘం ఇంట్లోని చెక్క అరలోకి చేరేవి.

నన్ను ఏడో తరగతి తర్వాత కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. కానీ సాయంత్రాలు లైబ్రరీ మాత్రం మానలేదు. అక్కడి సారు నా ఆసక్తి చూసి పుస్తకాల పట్టిక ఎలా రాస్తారో నేర్పాడు: గీతలు కొట్టి, ఒక వరుసలో పేరు, ఒక వరుసలో ఊరు, ఒక వరుసలో సంఖ్య. “మెచ్చుకునే పుస్తకం గురించి అబద్ధం చెప్పొద్దమ్మా, చదివేటోడు మళ్ల నిన్ను నమ్మడు” అని కూడా చెప్పాడు. ఆ చదువు నా తలకెక్కింది. మా రచయితల పుస్తకాలు మూడు ఊళ్లలోనూ అందరూ చదవాలని, కోరుట్ల సంఘం ఇంట్లో గోడకు అంటించడానికి ఒక పట్టిక తయారుచేశాను. స్కేలు పెట్టి గీతలు కొట్టి, ఎర్ర సిరాతో, నాకు తెలిసిన గొప్ప తెలుగంతా వాడి ఇలా రాశాను:

“మన సంఘపోళ్ల హత్యలు. రాజేశం, సిరిసిల్ల: మూడు. సత్తయ్య, కోరుట్ల: రెండు. మల్లేశం, జగిత్యాల: ఒకటి పూర్తి అయినది, ఇంకొకటి నడుచుచున్నది. అన్నియు మెచ్చదగినవి. ఇతరులకు తెలుపగలరు.”

నవలల పేర్లు వేరే కాగితం మీద రాశాను. ఆ కాగితం ఇంట్లోనే ఉండిపోయింది.

అవి ఎలాంటి రోజులో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అన్న అని సొంత అన్నను పిలిచినా పక్కవాడు తిరిగి చూసేవాడు. ఊళ్లలో అన్నల, అంటే నక్సలైట్ల, వెంట తిరిగేవాళ్లనూ ‘సంఘపోళ్లు’ అనే అనేవారు. పోలీసులు తీసుకుపోయిన మనిషి ఇంటికొచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కొందరి ఇళ్లలో అలాగే ఆరిపోయింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, నా ఎర్ర సిరా పట్టికలో నాకు పుస్తకాలే కనిపించాయి.

కాక ఆ పట్టికను సంచిలో పెట్టుకుని ఒక పొద్దున కోరుట్ల బస్సెక్కాడు. దారిలో పోలీసులు బస్సు ఆపి సంచులు వెతికారు. తిరుగు బస్సులో వచ్చిన మా వీధి ఆయన ఒకరు మధ్యాహ్నం గుమ్మంలోనే నిలబడి చెప్పాడు: “రాజేశాన్ని దింపుకున్నరు. ఏదో కాయితం దొరికిందట. హత్యల లెక్కనట.”

బాపమ్మ మరో మాట వినలేదు. కాక పెట్టె తెరిచి నోట్‌బుక్కులు ఒళ్లో వేసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. “గీ హత్యలే నా కొడుకును మింగినయి. పోలీసులు అచ్చేలోపు కాలవెట్టాలె.”

నేను పోయి ఆమె చేతులు పట్టుకున్నాను. “బాపమ్మా, గా కాయితం నేను రాసిన. గివి కాలవెడితే గవి నవలలని ఎట్ల చూపిస్తం?”

బాపు నా వంక చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. సంఘం ఇంటికి పరుగెత్తి మిగిలిన పుస్తకాలూ తెచ్చి, ఆరింటినీ తువ్వాలలో మూటకట్టి, “నడువు బిడ్డా, నువ్వే చెప్పాలె” అన్నాడు.

బస్సెక్కి పోయేసరికి, వేములవాడ అవతలి ఠాణాలో కాక గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి ఉంది. ఎస్సై కోస్తా నుంచి వచ్చినవాడు, మా మాట ఆయనకు కొత్త. నా పట్టిక ఆయన టేబులు మీద పేపర్‌వెయిట్ కింద ఉంది.

“ఎవరు రాశారిది?”

“నేనే సార్.”

“ఏ సంఘం?”

“మా కులసంఘం సార్.”

“మరి ఈ హత్యలేంటి? ఇంకోటి నడుస్తోందట!”

“పుస్తకాలు సార్. మా దిక్కు గట్లనే అంటరు.”

బాపు మూట విప్పాడు. ఎస్సై ఒక్కొక్కటి తిరగేశాడు. నమ్మినట్టు లేదు. సాకు కోసం పుస్తకాలు ఎవరైనా ముందే రాసి పెట్టుకోవచ్చు కదా. నావైపు తేరిపార చూసి, “అన్నీ చదివావా? అయితే చెప్పు, వీటిలో ఏది బాగుంటుంది?” అన్నాడు.

బాపు వేళ్లు నా భుజం మీద గట్టిగా నొక్కాయి. కాక పేరు చెప్పమని. కానీ పుస్తకం దగ్గర నాకు అబద్ధం రాదు.

“సత్తయ్య సారుది, ‘బీడీల గంప’ సార్. మా కాకయి గూడ మంచిగనే ఉంటయి గని, నడిమిట్ల సాగుతయి.”

“యాడ సాగినయే?” అని బల్ల మీదనుంచి కాక అరిచాడు, ఎక్కడున్నాడో మరిచిపోయి.

“మూడోదాంట్ల. ఇన్‌స్పెక్టరు ఛాయ్ తాగుకుంట, చంపిందెవరా అని సోంచాయించుడే ఇరువై పేజీలాయె!”

మావైపు వాడైన హెడ్డు కానిస్టేబులు ముందు నవ్వాడు. ఎస్సై నవ్వలేదు కానీ, ‘బీడీల గంప’ తీసి నిలబడే రెండు పేజీలు చదివాడు, తర్వాత కూర్చుని చదివాడు. ఆయన ముందున్న ఛాయ్ మీద మీగడ కట్టింది. ఎంతసేపటికో తలెత్తి, “తీసుకెళ్లండి మీవాణ్ణి. ఈ పుస్తకం మాత్రం ఉంచండి” అన్నాడు. సంతోషం పట్టలేక నేను, “సార్, గా మనిషిని చంపింది...” అని మొదలుపెట్టబోతే, “చెప్పకు!” అని చేయెత్తి ఆపాడు.

బస్సులో బాపు కాసేపు నవ్వాడు, కాసేపు తువ్వాలలో మొహం పెట్టుకున్నాడు. నా గుండె మీదనుంచి బండ దిగినట్టయింది. కిటికీ బయట మక్కచేలు అంత పచ్చగా ఉంటాయని ఆ రోజే చూశాను. కాక మాత్రం తన మూడో నవల ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు. వేములవాడ దాటాక మెల్లగా నావైపు తిరిగి, “ఇరువై గాదు, పద్దెనిమిది పేజీలు” అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో చేతిమగ్గం లేదు. సంఘం ఇల్లు ఫంక్షన్ హాలయింది. చెక్క అర ఎవరింటి వంటచెరకైందో. సంఘం అన్న మాటకు ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. పోయినవాటిలో ఆ భయం ఒక్కటి పోయినందుకు నాకు హాయిగా ఉంటుంది. కాక పోయి చాలా ఏళ్లయింది. ఆ సంఘటన తర్వాత మా ఇద్దరి మధ్య ఆ పేజీల మాట మళ్లీ రాలేదు.

మొన్న లైబ్రరీకి వచ్చే పిల్లలకు చదవమని ఇద్దామని నా దగ్గర మిగిలిన ఆయన మూడో నవల తీశాను. మధ్యలో కుట్టు దారం రంగు వేరుగా ఉంది. పేజీల అంకెలు చూసి లెక్కపెట్టాను. పద్దెనిమిది పేజీలు లేవు. కాక కుట్టు విప్పి, వాటిని తీసేసి, దారం రంగు తప్ప ఆనవాలు తెలియనంత నున్నగా మళ్లీ కుట్టాడు. కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా సాగలేదు.