లైట్లు ఆరాక పెట్టుకున్న హారం

మొన్న మా మనవరాలి పేరిట ఒక పార్సిలు వచ్చింది. అరచేతంత అట్టపెట్టె, అందులో నల్లగుడ్డ, గుడ్డలో పుర్రె ఆకారపు బిళ్ళ, దాని కళ్ళల్లో ఎర్రరాళ్ళు. ఎప్పటిదో ఇంగ్లీషు దయ్యాల సినిమాలో ఒక దొరసాని మెడలో ఉండేదట ఇది. అచ్చం అలాంటివే ఇప్పుడు చేసి అమ్ముతున్నారట, వాటిని పోగుచేసుకుని పెట్టుకు తిరిగేవాళ్ళు ఊరూరా ఉన్నారట. ఆ పిల్ల చెబుతూనే ఉంది, నేను బిళ్ళను తిరగేసి వెనకవైపు చూస్తున్నాను. వెనక నున్నగా ఉంది, మనిషి చెయ్యి పడిన గుర్తు ఎక్కడా లేదు. ఇలాంటివి నా దగ్గర ఏడున్నాయంటే నమ్మలేదు. పెట్టె తీసి చూపించాను. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూసి, “అమ్మమ్మా, నీకు హారర్ అంటే అంత ఇష్టమా?” అంది.

నాకు నవ్వొచ్చింది. మన ఈడువాళ్ళకైతే చెబితే అర్థమవుతుంది గానీ ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. ఆ మాట మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు నాకు హారం అని వినిపించింది. ఈ కథంతా ఆ వినికిడిలోంచే పుట్టింది.

నేను పుట్టింది తెలుగునేల సరిహద్దు అడవుల్లో, కోంటా దగ్గర మరైగూడ. బడికి పోయింది మూడో తరగతి దాకా. ఆ తర్వాత ఇప్పపూలు ఏరడం, తునికాకు కట్టలు కట్టడం, ఇవే నా చదువు. మా ఆయనవాళ్ళది విజయనగరం వైపు, ఇనుపరాయి గనిలో పని దొరికి బచేలీ వచ్చి స్థిరపడ్డారు. కంపెనీ క్వార్టరులో రెండు గదులు, వెనక పెరట్లో ఒక బొప్పాయి చెట్టు, మేమిద్దరం, మా అత్త, మాకొక ఆడపిల్ల. నేను ఏంది అంటే మా అత్త ఏటి అనేది, బజారుకు పోతే హిందీ, సంతకు పోతే అక్కడివాళ్ళ హల్బీ. ఒక్క పూటలో నాలుగు భాషలు నోట్లో తిరిగేవి, అందులో ఏ ఒక్కటీ నాకు పూర్తిగా వచ్చేది కాదు.

పెళ్ళైన ఆరో ఏట మా ఆయనకు జ్వరం వచ్చింది, మూడు వారాలకు పోయారు. నాకప్పుడు ఇరవై ఏడు. పదో రోజున పెద్దవాళ్ళంతా కూర్చోబెట్టి నా మెడలోవీ చేతులవీ తీయించారు. తీసింది మా అత్తే. ఆమెకు ఆ పని తెలుసు, ఆమె మెడ బోసిపోయి అప్పటికే పదిహేనేళ్ళు. తర్వాత నాకు కంపెనీ క్యాంటీనులో పని ఇచ్చారు, ఉల్లిపాయలు తరగడం, పెద్ద డేగిసాలో టీ కాయడం. పని కష్టమనిపించలేదు. కష్టమంతా అద్దంతోనే వచ్చింది. తల దువ్వుకుందామని చూస్తే తలకూ ఒంటికీ నడుమ ఏదో పెట్టడం మరిచిపోయినట్టు కనపడేది. ఆ చోట ఏదో ఒకటి ఉంటే చాలుననిపించేది, బంగారం కాకపోయినా, గాజుపూసలైనా. ఇరవై ఏడేళ్ళకే ఇంక ఎప్పటికీ ఉండకూడదంటే నాకు మింగుడు పడలేదు. ఈ మాట ఎవరితో అన్నా తప్పే, అందుకని అనలేదు.

ఏడాది తిరిగింది. కాలనీ క్లబ్బు హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి సినిమా వేసేవాళ్ళు. ఆ క్లబ్బు చౌకీదారు రోజూ క్యాంటీనుకు టీకి వచ్చేవాడు, ఈ వారం ఏ సినిమానో అందరికంటే ముందు చెప్పడం అతనికి గొప్ప. ఒకరోజు గ్లాసు పుచ్చుకుంటూ, ఈసారి హారర్ పిక్చర్ అన్నాడు. నేను ఇంటికొచ్చి మా అత్తతో ఆదివారం హారం పిక్చరంట అని చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. హారమంటే ఏ అమ్మవారిదో అయ్యుంటుంది, దొంగలెత్తుకుపోయిన నగ మళ్ళీ గుడికి చేరే కథై ఉంటుంది, భక్తి సినిమాకు మనలాంటివాళ్ళు పోతే తప్పు పట్టేదెవరు, అని తేల్చింది. అలా మేమిద్దరం విధవలం, తలస్నానాలు చేసి, పిల్లను పక్కింట్లో వదిలి, సంచీలో ఒక కొబ్బరికాయ కూడా వేసుకుని, దయ్యాల సినిమాకు వెళ్ళాం.

ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాం. లైట్లు ఆరాయి. తెరమీద పాడుబడ్డ కోట, గాలివాన, తలుపులు కొట్టుకోవడం. అమ్మవారు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని మా అత్త చేతులు జోడించుకుని ఉంది. గోడలోంచి జుట్టు విరబోసుకుని వచ్చింది, ఎప్పుడో చచ్చిపోయిన రాణి. హాలంతా కెవ్వుమంది. మా అత్త కొంగు మొహాన కప్పుకుంది గానీ ఒక కన్ను బయటే ఉంచింది. నేను మాత్రం రాణి మెడ చూశాను. హారం సినిమా అని వచ్చాను కదా, చూడాల్సింది అదేనని నా బుద్ధి. మూడు వరసల హారం, నడుమ రెక్కలు చాచిన గబ్బిలం, కింద వేలాడే చిన్న చిన్న గంటలు. ఆ రాణి ఎంతమంది గొంతులు పిసికిందో నాకిప్పుడు గుర్తులేదు. గబ్బిలానికి ఒక్కో రెక్కమీద ఐదు గీతలున్నాయి, అది గుర్తుంది.

తిరిగొచ్చే దారంతా మేము పోట్లాడుకున్నాం, దయ్యం గురించి మాత్రం ఒక్క మాట లేదు.

“మూడు వరసలేటే, ఐదు. నాను సూసినాను.”

“నువ్వు ఒంటి కన్నుతోటి సూసినవ్ అత్తా. రెండు కండ్లతోటి సూసినదాన్ని నేను. మూడే.”

“ఓలమ్మ, కళ్ళు నీకొక్కదానికే ఉన్నాయేటి!”

కొబ్బరికాయ ఇంటికొచ్చి పచ్చడి చేసుకున్నాం.

బచేలీ సంతలో ఒక ముసలి ఘడ్వా తాత కూర్చునేవాడు, ఇత్తడి పోత పోసే ఆయన. మట్టిముద్ద మీద తేనెమైనాన్ని దారంలా సాగదీసి చుట్టి బొమ్మ చేసి, దానిమీద మళ్ళీ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తాడు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే, అందుకని ఆయన చేసినవి ఏ రెండూ ఒకలా ఉండవు. నాకు ఆ హారం కావాలి, కానీ ఎలా ఉంటుందో చూపించడం ఎలా? పెన్సిలు పట్టడం మరిచిపోయి ఎన్నో ఏళ్ళు. చేతికి వచ్చిందల్లా ముగ్గు. కొంగున బియ్యప్పిండి మూటగట్టుకుని పోయి, ఆయన ముందు నేల చదును చేసి, తొమ్మిది చుక్కలు తొమ్మిది వరసలు పెట్టి, చెయ్యెత్తకుండా ఒకే గీతలో గబ్బిలాన్ని వేశాను. సంతకొచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. తాత లేచి అవతలికి పోయి తలకిందులుగా కూడా చూశాడు. ఇది ఎవరి నగ అని హిందీలో అడిగాడు. అబద్ధం అప్పటికప్పుడు తోచక, చచ్చిపోయిన రాణిదన్నాను.

“మర్ గయీ తో క్యా, బేటీ? గలా తో హై న?” అన్నాడు. చచ్చిపోతేనేం, మెడ ఉంది కదా అని.

మైనం పనీ ముగ్గు పనీ ఒకటే, రెండూ దారం తెగకుండా పోవాలి అని కూడా అన్నాడు. ఇంట్లో చిల్లిపడ్డ ఇత్తడి చెంబు ఇచ్చాను. రెండు సంతల తర్వాత అదే చెంబు మూడు వరసలై, గబ్బిలమై, గంటలై, నల్లదారాన వేలాడుతూ నా చేతికి వచ్చింది.

దాన్ని కొంగు కింద కనపడకుండా కట్టుకుని క్యాంటీనుకు పోయాను. కనపడకుండా ఉంచగలిగాను గానీ వినపడకుండా ఉంచలేకపోయాను. వంగి గ్లాసులు కడుగుతుంటే గంటలు మోగాయి. సాయంత్రానికి మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్ళు మా అత్తకు చెప్పేశారు, మీ కోడలు దయ్యం నగ పెట్టుకుని తిరుగుతోందని.

“ఏటే గుంటా ఇది? ముండమోసినదానివి మెడకి గంటలు కట్టుకుంటావేటి? నలుగురూ ఏటనుకుంటారు?”

“అత్తా, ఆ రాణి సచ్చి ఎన్నేండ్లయిందో! సచ్చినామెనే మూడు వరసలు ఏసుకుని తిరుగుతుంటే ఎవరూ ఏమంటలేరు. బతికున్నదాన్ని, నాకేంది?”

మా అత్త కంచాలు పెట్టింది. ఆ పూట అన్నం తిన్నాక చేతులు కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది. హాల్లో లైట్లు ఆరాక పెట్టుకో, వెలిగేలోపు తీసెయ్, చీకట్లో ముత్తైదువెవరో విధవెవరో చూసేదెవరు, అంది. నాకు అది చాలనిపించింది.

అలా రెండేళ్ళు. దయ్యాల సినిమా వచ్చిన ప్రతి ఆదివారం మేము ఆఖరి వరసలో ఉండేవాళ్ళం. నేను తప్పుగా విన్న మాట కాలనీ అంతటికీ తెలిసిపోయి, చౌకీదారు టీ అందుకుంటూ “హారం వాలీ పిక్చర్ ఆయీ” అని, నా హారం సినిమా వచ్చిందని నవ్వేవాడు. ఒక ఇంగ్లీషు సినిమాలో రక్తం తాగే జమీందారు వేలికున్న పాము ఉంగరం, ఒక హిందీ సినిమాలో బావిలో పడి చచ్చిన కొత్తపెళ్ళికూతురి నత్తు, ఇంకొకదాంట్లో సమాధి తాళంచెవి వేలాడే గొలుసు, ఇలా పోగయ్యాయి. రీలు ఒక్కసారే ఆడుతుంది, సోమవారం బస్సెక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ చూద్దామంటే దొరకదు. అందుకని తెరమీద ఎవరు ఎందుకు అరుస్తున్నారో పట్టించుకోకుండా నేను చుక్కలు పెట్టుకునేదాన్ని, మనసులో వేసుకున్న ముగ్గును సంతరోజు దాకా చెదరకుండా మోసుకుపోయేదాన్ని. పాము పడగ కుడికి తిరిగిందా ఎడమకా అని సందేహం వస్తే మా అత్తే సాక్షి. చెంబు తర్వాత సొట్టపోయిన పళ్ళెం, ఆ తర్వాత కాడ ఊడిన గరిటె తాత కొలిమిలోకి పోయాయి. “ఇంట్లో ఇత్తడంతా దెయ్యాలకే ఎట్టెత్తన్నావు, రేపు నీలు దోసిట్లో తాగాల” అని మా అత్త సణిగేది గానీ, ఆ గరిటె కాడ దానంతటది ఊడలేదని నాకు తెలుసు. ఊడగొట్టింది నేనైతే కాదు.

ఒక వానాకాలం ఆదివారం, సినిమా మొదలై కాసేపయింది. గబ్బిలం హారం కొంగుముడిలోంచి తీసి కట్టుకోబోతుంటే చీకట్లో మా అత్త చెయ్యి నా మోచేతి మీద పడింది. “ఇటియ్యి” అంది. పట్టుకుని చూస్తుందేమోననుకున్నాను. ఆమె నావైపు వీపు తిప్పి, తల వంచి, జుట్టుముడి పైకెత్తి పట్టుకుంది. కట్టమని. పద్దెనిమిదేళ్ళుగా ఏమీ ఎరగని మెడ. నేను దారం కొసలు కలిపి ఒక ముడి వేశాను, జారి గంటలు మోగుతాయేమోనన్న భయంతో దానిమీద ఇంకో ముడి వేశాను, చేతి అలవాటు కొద్దీ మూడోది కూడా వేయబోయి ఆగాను. ఆమె ముందుకు తిరిగి కూర్చుని, కొంగు మొహాన కప్పుకోకుండా, రెండు కళ్ళతోనూ సినిమా చూసింది.

అరగంటకు రీలు తెగింది. మామూలుగా తెగేముందు మాటలు సాగేవి, నాకు తెలిసిపోయేది. ఆ రోజు ఏ సూచనా లేదు. తెర తెల్లబోయింది, లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి, జనం గోల చేస్తూ ప్రొజెక్టరు ఉన్న వెనకవైపుకు తిరిగారు. తిరిగినవాళ్ళకు ఎదురుగా మా అత్త. వెలిసిపోయిన నేతచీర, బోసి నుదురు, మెడలో మూడు వరసల ఇత్తడి, గబ్బిలం, గంటలు. నేను ముడి విప్పబోతే గోళ్ళు పట్టడం లేదు.  మా లైనులోనే ఉండే ఫోర్‌మన్ గారి భార్య ముందువరసలోంచి, ఈ ముసలమ్మకిదేం పోయేకాలం అని పైకే అంది.

మా అత్త నా చేతిమీద చిన్న దెబ్బ వేసింది.

“ఉండనీయే. సూసినోలు ఎలాగా సూసీసినారు. ఇంకెందుకా పీకులాట?” అని, ఆ ముందువరస ఆవిడ వైపు తిరిగి, “ఏటమ్మా అలా సూత్తన్నావు? సినిమా అటేపు” అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు రెండు వరసలు పాకేలోపు రీలు అతికింది, లైట్లు ఆరాయి. సినిమా అయ్యాక తీయమంటుందేమోనని చూశాను. ఆమె లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వాన వెలిసి ఎండ కాస్తుంటే కాలనీ రోడ్డు నడుమ గంటలు చప్పుడవుతూ నడిచింది, నేను వెనక నడిచాను. ఇంటికొచ్చి దారం కోద్దామని కత్తిపీట తీస్తే వద్దంది. మర్నాడు ఆ హారంతోనే కుళాయి దగ్గరకు పోయింది.

ఇంక మనల్ని పేరంటాలకు పిలవరు అని నేను భయపడితే, ముందెప్పుడు పిలిచారేటి అంది. నెలరోజులు ఊరు మాట్లాడుకుంది, తర్వాత ఆ ఊరికి కూడా విసుగొచ్చింది. నేను కూడా పాము ఉంగరమూ తాళంచెవి గొలుసూ పెట్టుకుని డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను. ఎవరేమంటారు? నామీద ఫిర్యాదు చేయాలంటే మా అత్తకే కదా చేయాలి.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఘడ్వా తాత కూడా లేడు, ఆయన తర్వాతివాళ్ళు పట్నం షోకేసుల్లోకి గుర్రాలూ ఏనుగులూ పోస్తున్నారు. క్లబ్బు హాల్లో ఇప్పుడు సామాన్లు పెట్టుకుంటున్నారు. మా లైనులో భర్తలు పోయిన పిల్లలు ఇద్దరున్నారు, బొట్టు పెట్టుకుని, గొలుసు వేసుకుని, స్కూటీ మీద డ్యూటీకి పోతారు. ఎవరూ తలతిప్పి చూడరు, ఎవరూ ఏమీ అనరు. అలాగే ఉండాలి, దాన్ని తప్పనేదాన్ని నేను కాను. నాకూ మా అమ్మాయి సన్న బంగారు గొలుసొకటి చేయించింది, పొద్దున లేస్తూనే వేసుకుంటాను. దానికోసం ఎవరితో వాదించింది లేదు, ఎవరికి భయపడి దాచింది లేదు. అందుకేనేమో, ఒక్కోరోజు తడుముకుని చూసుకుంటే గానీ అది మెడలో ఉందో లేదో నాకే తెలియడం లేదు.