రెండు అరకిలోలు

నా చిన్నప్పుడు మా కిరాణా దుకాణంలో రెండు జతల తూకం రాళ్లుండేవి. తూకాలు తనిఖీ చేసే సారు వస్తే తీసే జత ఎర్రగుడ్డలో చుట్టి పెట్టెలో తాళం వేసి ఉండేది. రోజువారీ జత తక్కెడ పక్కనే ఉండేది. దాని అరకిలోల అడుగున సీసం గీకేసి, మైనం నింపి, పైన మసి పూశారని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పెళ్లికి కట్టే చీర వేరు, ఇంట్లో కట్టే చీర వేరు అయినట్టే ఇదీ అనుకునేవాణ్ణి. అడిగితే మనకే నష్టమొచ్చే ప్రశ్న అడగకూడదని మూడో తరగతికే నేర్చుకున్న ఘనుణ్ణి మరి.

రాయచూరు దగ్గర కరెంటు ప్లాంటు కొత్తగా లేచిన రోజులవి. పక్కింటి అక్క వాళ్ల నాన్న అక్కడ బొగ్గు దించే కూలీ. ఆయన దగ్గు మా గోడ దాటి వినిపించేది. అక్క చిన్నబడి టీచరు కావడానికి టీసీహెచ్ చదువుతోంది. రాత పరీక్షలు గట్టెక్కింది కానీ, పరీక్షాధికారి ముందు పిల్లలకు పాఠం చెప్పి చూపించే పరీక్ష ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు చాలించి ప్లాంటు క్యాంటీన్లో పనికి పొమ్మన్నాడు వాళ్ల నాన్న.

అందుకని రోజూ పొద్దున్నే గోడకు చార్టు వేలాడదీసి, నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టి, నేనొక్కణ్ణే క్లాసంతా అయినట్టు పాఠం చెప్పుకునేది. నేను ఊరికే కూర్చోలేదు. పాఠానికి గుప్పెడు వేరుశనగలు ఖరారు చేసుకున్నాను. మధ్యలో తెలివైన సందేహం అడిగితే ఇంకో నాలుగు.

ఆమెకు వచ్చిన పాఠం తూకాలు. రెండు అరకిలోలు ఒక కిలోకు సమానమని పిల్లలకు తూచి చూపించాలి.

"తక్కెడ, రాళ్లు నేను తెస్త. నాకేమిస్తవ్?" అన్నాను.

"నీ నెత్తుర్ల గూడ బేరమే ఉన్నట్టుందిరా! ఏం గావాలె, చెప్పు."

"సారు ముంగట తక్కెడ నేనే పట్టాలె. ఇంకెవల్ని పిలువద్దు."

అక్క నవ్వి ఒప్పుకుంది. పరీక్ష మా తెలుగు బడిలో, మా క్లాసుకే, మంగళవారం. ఆ రోజు దుకాణం బంద్. నాన్న గంజ్ బజారుకు సరుకు కొనడానికి వెళ్లాక తక్కెడ, రోజువారీ రాళ్లు సంచిలో వేసుకున్నాను. అరకిలోల అడుగున మైనం నా వేళ్లకు మెత్తగా తగిలింది. చెబితే అక్క ఈ రాళ్లు వద్దంటుంది, తక్కెడ పట్టే గొప్ప నాకు పోతుంది. చెప్పలేదు.

క్లాసులో ఆమె కిలోను ఒక పళ్లెంలో, అరకిలోలను ఇంకో పళ్లెంలో పెట్టింది. కిలో ఉన్న వైపు దిగిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. తక్కెడదే లోపమేమోనని అక్క రాళ్లను అటూ ఇటూ మార్చింది. మళ్లీ కిలోనే దిగింది. పరీక్షాధికారి కలం ఆగింది.

రెండో వరసలోంచి ఒక పిల్ల లేచింది. "టీచర్, మా ఇంటికి బియ్యం గీ రాళ్లతోనే తూస్తరు!"

అక్క ఒక అరకిలో తిప్పి అడుగు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను నేల చూశాను. ఈ రాళ్లెక్కడివని సారు అడిగాడు. మా దుకాణం పేరు ఒక్కటి చెబితే ఆమె తప్పు సగం తీరిపోయేది.

"నేను తెచ్చిన సార్. ముందుగాల తూచి చూడలే. తప్పు నాదే."

తర్వాత మామూలు గొంతుతో నన్ను పిలిచి, లెక్కల పెట్టెలోని చింతపిక్కలు ఒక్కొక్కటే అరకిలోల పక్కన వేయమంది. క్లాసంతా పైకి లెక్కపెట్టింది. నలభై మూడో పిక్కకు తక్కెడ సమంగా నిలిచింది. ముప్పై దాటాక ఆ పిల్ల లెక్కపెట్టడం మానేసి నా మొహమే చూస్తూ కూర్చుంది.

అక్క తప్పింది. సామగ్రి సరిచూసుకోలేదని రాశారట.

సాయంత్రం సంచి తెచ్చి, మా నాన్నకు కాకుండా నా చేతికిచ్చింది. నేను వేరుశనగలు తిరిగి ఇస్తానన్నాను. అప్పటికీ నాకు బేరమే తోచింది.

"నాకు పాఠం చెప్పొస్తది గని రాయి కింద చూడరాలే. నీకొచ్చు గద," అంది. "ఒచ్చినోడివి చెప్పకుంటే ఎట్లరా?"

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ ఏడాదంతా ప్లాంటు క్యాంటీన్లో చపాతీలు వత్తింది. మరుసటేడు మళ్లీ పరీక్షకు కూర్చుని పాసై, సిరవార అవతల ఒక ఊళ్లో టీచరైంది. నేను మాత్రం నాన్నకు ఏమీ చెప్పలేకపోయాను. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ రాళ్లే తూచాయి. దుకాణం నా చేతికి వచ్చాకే వాటిని బయట పారేశాను.

ఇప్పటికీ బేరంలో నన్ను గెలవడం కష్టం. కానీ ముల్లు సమంగా నిలిచాక, గిరాకీ కొసరు అడగకముందే నా చెయ్యి ఇంకో గుప్పెడు బియ్యం వేస్తుంది. ఇంత బేరగాడికి ఇదేం పిచ్చని మా ఆవిడ అంటుంది. నలభై మూడు చింతపిక్కల బరువెంతో నా గుప్పిటకు తెలుసు. అక్క పోగొట్టుకున్న ఏడాది మాత్రం ఎన్ని గుప్పెళ్లకూ తూగదు.