గడ్డకట్టకముందే కడగాలి

నాకు ఓపిక తక్కువ. అన్నం ఉడికిందో లేదోనని పదిసార్లు మూత తీసే రకాన్ని. నిదానంగా జరిగే ఏ పనీ నా చేతికి అచ్చిరాలేదు. దాని గుర్తు మా ఆయన నుదుటి మీద ఆయన పోయేదాకా ఉంది.

హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో మందమర్రి బొగ్గుగనుల దగ్గర కాపురం పెట్టాం. మా అత్త కరీంనగర్ వైపు పల్లెలో మగ్గం నేసేది. ఒక్కగానొక్క కొడుకు, బొగ్గుబాయిలోకి దిగనని ఒట్టేస్తేనే పంపింది. ఆయన ఒట్టూ వేశాడు, బాయిలోకీ దిగాడు. ఆఫీసులో లెక్కలు రాస్తున్నానని ఆమెకు జాబులు రాసేవాడు. ఆ అబద్ధం బయటపడితే కొడుకును వెనక్కి, మగ్గం గుంటలోకి లాక్కుపోతుంది. అక్కడ ఆమెకే రెండు పూటలా తిండి లేదు.

ఒకరోజు బాయి కప్పు నుంచి బొగ్గుపెళ్ళ రాలి నుదురు చీరుకుపోయి వచ్చాడు. నెత్తురూ బొగ్గుపొడీ కలిసి కారుతున్నాయి. పక్కింటి అక్క నా చేతికి చెంబు ఇచ్చింది.

"పసుపు పెట్టకు. నీళ్లు పోస్తనే ఉండు, కారనీ. బొగ్గు పోకముందే గడ్డకడితె మచ్చ నల్లగ పడ్తది. ఇగ జన్మల పోదు."

బాయి పనివాళ్ల ఒంటి మీద అలాంటి నల్లగీతలు ఉండేవి. చూస్తే చాలు, ఏం పనో తెలిసిపోయేది.

పోశాను. మొదట నీళ్లలా జారిన నెత్తురు కాసేపటికి వేళ్లకు జిగురుగా అంటుకుంది. గాయం అంచుల్లో చిక్కబడి జున్నులా వణుకుతోంది. తుడిస్తే మళ్లీ కారుతుంది. లోపల ఇంకా నలుపే. ఆయన పంటి బిగువున కూర్చున్నాడు. నాకే కాలు నిలవలేదు. లేచాను, కూర్చున్నాను, పక్కింటి అక్కను తిట్టాను. మనిషి నెత్తురు పోతుంటే మచ్చ సంగతి ఎవడిక్కావాలి? పిడికెడు పసుపు తెచ్చి అదిమేశాను. నెత్తురు ఆగింది. బొగ్గు లోపలే ఉండిపోయింది.

తర్వాత అత్త మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. ఆయన ఇంట్లో కూడా తలకు రుమాలు చుట్టుకునే తిరిగాడు. మూడో రోజు, నూనె పెడతానని ఆమే విప్పేసింది. నల్లగీత మీద ఆమె వేలు ఆగింది. నేనుండలేకపోయాను.

"తప్పు నాదే అత్తా. బొగ్గు పోయేదాంక కడుగుమన్నరు. నెత్తురు సూడలేక పసుపు పెట్టిన."

"మంచిగ జేసినవ్ బిడ్డా. నేనున్నా గదే జేద్దును," అంది. చాలాసేపు నూనె రాస్తూనే ఉంది. తర్వాత కొడుకు మొహం తన వైపు తిప్పుకుంది.

"రేపు ఏ షిఫ్టు?"

మొదటి షిఫ్టని ఆయన గొణిగాడు.

"గా ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. పైలంగ పోయిరా," అని అత్త బోరుమంది.